నల్ల బెల్టు కట్టగానే మాస్టారైపోరు!

సినిమాలో గురువుగారు ఎప్పుడూ ముసలాయనే. తెల్లటి గడ్డం, చేతిలో కర్ర, కొండమీద గుడిసె. హీరో ఆయన దగ్గర నీళ్ళు మోస్తాడు, కట్టెలు కొడతాడు, వీపు చిట్లేలా తన్నులు తింటాడు. మధ్యలో ఒక పాట వస్తుంది. పాట అయ్యేసరికి హీరో ఆరితేరిపోతాడు! గురువుగారు కళ్ళు తుడుచుకుంటూ శిష్యుడి నడుముకి నల్ల బెల్టు కడతారు. మరుసటి రీల్లో విలన్ మనుషులొచ్చి ఆయన్ని చంపేస్తారు. ఇక ఇంటర్వెల్ తర్వాత పగ, ప్రతీకారం, హాలంతా ఈలలు!

సరే, చూశాం. చప్పట్లూ కొట్టాం. కాని ఆ ముసలాయన సంగతి మనలో ఎవరమైనా ఆలోచించామా? ఆయన్ని గురువని ఎవరు నిర్ణయించారు? ఏ పరీక్ష ప్యాసయ్యాడు? తన్నడం వచ్చినంత మాత్రాన నేర్పడం కూడా వచ్చేస్తుందా?

ఈ ప్రశ్న నాకు ఊరికే పుట్టలేదు. నాకు తెలిసిన కుర్రకారులో కొందరు ఈ మధ్య "బ్లాక్ బెల్టు వచ్చేసింది, ఇక సొంతంగా క్లాసు పెట్టేస్తా" అంటున్నారు. ఉద్యోగం దొరక్క కొందరు, దొరికిన ఉద్యోగం నచ్చక మరికొందరు. పేటకో కరాటే క్లాసు, అపార్టుమెంటుకో టైక్వాండో క్లాసు కనిపిస్తున్నాయి. పిల్లల్ని చేర్పించే తల్లిదండ్రులు ఫీజు ఎంతని అడుగుతున్నారు, యూనిఫారం ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నారు. మాస్టారి అర్హత ఏమిటని మాత్రం అడగడం లేదు. పిల్లవాడి మోకాళ్ళు, మెడ, వెన్నెముక సాయంత్రం గంటన్నర సేపు ఆయన చేతుల్లో పెట్టి వస్తున్నామన్న సంగతి ఎవరికీ తట్టదు.

చెరువులో దూకిన హీరో

సినిమా పత్రిక కనుక సినిమాతోనే మొదలుపెడతాను. 1943లో జపానులో 'సాన్షిరో సుగాటా' అనే చిత్రం వచ్చింది. దర్శకుడు అకిరా కురొసావా. ఆ తర్వాత 1954లో 'సెవెన్ సమురాయ్' తీసి ప్రపంచాన్ని తనవైపు తిప్పుకున్నాయన! దర్శకుడిగా ఆయన తొలి చిత్రం ఇదే. ఇందులో హీరో సాన్షిరో పట్నం వచ్చి జూడో నేర్చుకుంటాడు. ఒంట్లో బలం వచ్చింది, బలంతోపాటు పొగరూ వచ్చింది. వీధిలో సంబరం జరుగుతుంటే అడ్డొచ్చినవాణ్ణల్లా ఎత్తి కుదేస్తాడు. తిరిగొస్తే గురువు భుజం తట్టడు సరికదా, నిలదీస్తాడు. ఉక్రోషం పట్టలేక సాన్షిరో పక్కనే ఉన్న తామరకొలనులోకి దూకేస్తాడు. ఒక గుంజ పట్టుకుని రాత్రంతా ఆ నీళ్ళలోనే! పైకి రమ్మని గురువు బతిమాలడు. చివరికి ఒక తామరపువ్వు కళ్ళబడి కుర్రవాడి గర్వం దిగుతుంది.

మన సినిమాలో అయితే గురువుగారికి అక్కడ రెండు పేజీల డైలాగు పడేది. కురొసావా ఆయన చేత ఎక్కువ మాట్లాడించలేదు. నన్నడిగితే గురువంటే ఏమిటో తెరమీద అంత బాగా చూపించిన సన్నివేశం మరొకటి లేదు.

ఈ కథ వెనక నిజం మనుషులున్నారు. ఆ గురువుకి మూలం జిగొరో కానో. జూడోని పుట్టించినాయన. 1882లో, ఇరవై ఒక్కేళ్ళ వయసులో టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధాలయంలో పన్నెండు చాపలు పరిచి, తొమ్మిదిమంది శిష్యులతో క్లాసు పెట్టాడు. దాని పేరు కొడోకాన్. మరుసటి ఏడు, 1883లో, మొట్టమొదటి 'డాన్' హోదా ఇద్దరు శిష్యులకిచ్చాడు. (డాన్ అంటే మన సినిమాల్లో డాన్ కాదండోయ్! జపాను భాషలో మెట్టు అని అర్థం.) ఆ ఇద్దరూ షిరో సైగో, త్సునెజిరో టొమిటా.

సైగో చిచ్చరపిడుగు. సినిమాలో సాన్షిరోకి మూలం అతనే. కాని 1890లో కొడోకాన్ వదిలి వెళ్ళిపోయాడు. తర్వాత ఏం చేశాడనుకున్నారు? పత్రికారంగంలో చేరాడు! (మా వృత్తికి ఎలాంటివాళ్ళు వస్తారో చూశారా?) టొమిటా మాత్రం బరిలో సైగో అంత పేరు తెచ్చుకోలేదు, జూడోని వదిలీ పోలేదు. ఆయన కొడుకు త్సునెవో టొమిటా రచయిత అయి 1942లో ఒక నవల రాశాడు. ఆ నవలే కురొసావా సినిమా. అంటే తన తండ్రి పక్కన నిలబడి బెల్టు అందుకున్న స్నేహితుణ్ణి హీరోని చేశాడన్నమాట! తండ్రుల్ని హీరోలుగా చూపించడం మన దగ్గర మామూలే గాని, తండ్రి స్నేహితుణ్ణి చూపించడం అరుదు.

అసలు కానో వృత్తి ఏమిటో తెలుసా? బడిపంతులు! ఉపాధ్యాయుల్ని తయారుచేసే టోక్యో హయ్యర్ నార్మల్ స్కూలుకి ఇరవై ఏళ్ళకు పైగా ప్రిన్సిపాలు. పాఠం ఎలా చెప్పాలో చెప్పడమే ఆయన పని. కాబట్టే కుస్తీపట్లను కూడా తరగతులుగా, మెట్లుగా విడగొట్టాడు. ఒలింపిక్ కమిటీలో సభ్యుడైన తొలి ఆసియావాసి కూడా ఆయనే, 1909లో. 1938లో ఓడలో స్వదేశానికి తిరిగి వస్తూ దారిలోనే కన్నుమూశాడు. 1964 టోక్యో ఒలింపిక్సులో జూడో చేరింది, కాని ఆయన చూడలేదు.

నల్ల బెల్టు గురించి ఒక కట్టుకథ మీరూ వినే ఉంటారు. పూర్వం అందరికీ తెల్ల బెల్టే ఉండేదని, ఏళ్ళ తరబడి ఉతక్కుండా కట్టుకుంటే చెమటకీ మట్టికీ నల్లబడిపోయి బ్లాక్ బెల్టు అయిందనీ! వినడానికి బాగుంది గాని, నిజం కాదు. డాన్ హోదా ఉన్నవాళ్ళని గుర్తుపట్టడానికి 1880ల్లో కానోయే ఆ నలుపు పెట్టాడు. ఇక పసుపు, నారింజ, ఆకుపచ్చ, నీలం వగైరా రంగులు జూడో ఐరోపాకి వెళ్ళాక వచ్చి చేరాయి. అక్కడి విద్యార్థులకి ఓపిక తక్కువ, మూడునెలలకోసారి ఏదో ఒకటి చేతిలో పెట్టాలి కదా!

మొదటి డాన్‌ని జపానులో 'షోడాన్' అంటారు. 'షో' అంటే ఆరంభం. మన పిల్లవాడికి అక్షరాభ్యాసం చేసి పలక చేతికిచ్చాం, అంతే! పలక పట్టినవాణ్ణి మర్నాడే హెడ్మాస్టరు కుర్చీలో కూర్చోబెడతామా?

వీళ్ళందరూ పంతుళ్ళే!

ఈ వ్యాసం కోసం ఒక్కొక్కరి సంగతీ తిరగేస్తుంటే నాకు తమాషాగా అనిపించింది. వీరులనుకున్నవాళ్ళు చాలామంది స్కూలు మాస్టార్లే. కరాటేని జపాను ముఖ్యభూమికి తెచ్చిన గిచిన్ ఫునకోషి 1868లో ఒకినావా దీవిలో పుట్టాడు. ఏళ్ళ తరబడి ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పాడు. 1922లో టోక్యో వచ్చి కరాటే ప్రదర్శించేనాటికి ఆయన యాభై దాటినవాడు. ఈ వయసులో మన హీరోలు కాలేజీ స్టూడెంటు వేషాలు వేస్తారు, అది వేరే సంగతి! ఆయన్ని కొడోకాన్‌కి పిలిపించి ప్రదర్శన ఇప్పించింది ఎవరనుకున్నారు? మన కానోగారే. కానో దగ్గరనుంచే డాన్ పద్ధతిని తీసుకుని ఫునకోషి 1924లో కరాటేలో తొలి డాన్ పత్రాలిచ్చాడు. ఒక పంతులు తయారుచేసిన మెట్లమీద ఇంకో పంతులు నడిచాడు.

మరి మనవాడో? వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామమూర్తి నాయుడు. ఉక్కు గొలుసులు తెంచినవాడు, ఛాతీమీద ఏనుగుని నిలబెట్టుకున్నవాడు, కలియుగ భీముడు! విశాఖ బీచి రోడ్డులో ఆయన విగ్రహం చూసే ఉంటారు. అంత బలశాలి కూడా "నాకు బలముంది, నేర్పేస్తాను" అని గోదాలో దిగిపోలేదు. మద్రాసు వెళ్ళి, సైదాపేట కాలేజీలో ఏడాదిపాటు వ్యాయామ శిక్షణ పొంది, సర్టిఫికెట్టు పుచ్చుకుని విజయనగరం తిరిగొచ్చి హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేరాడు. సర్కసు, పేరు ప్రతిష్ఠలు ఆ తర్వాత సంగతి.

మన ఊళ్ళలో పూర్వం తాలింఖానాలుండేవి. కర్రసాము, కత్తిసాము, కుస్తీ నేర్పే గురువుని వస్తాదు అనేవారు. ఆయనకి సర్టిఫికెట్టు ఉండేది కాదు. నిజమే. కాని ఊరంతా ఎరిగినవాడు, ఎవరి దగ్గర ఎన్నేళ్ళు నేర్చుకున్నాడో అందరికీ తెలుసు. శిష్యుడి చెయ్యి విరిగితే రాత్రికి వాడి ఇంటి అరుగుమీద జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. ఇప్పుడు మాస్టారెవరో మనకి తెలియదు, మనమెవరో ఆయనకి తెలియదు. అందుకే కాగితం అవసరమైంది.

టోక్యోలో మాస్టార్ల కార్ఖానా

రెండో ప్రపంచయుద్ధం తర్వాత, 1949లో, ఫునకోషి శిష్యులు జపాన్ కరాటే అసోసియేషన్ పెట్టారు. 1956లో ఒక కొత్త పని మొదలుపెట్టారు: మాస్టార్లను తయారుచేసే ప్రత్యేక శిక్షణ. అప్పటికే బ్లాక్ బెల్టు ఉన్నవాళ్ళనే తీసుకునేవారు. రోజంతా ప్రాక్టీసు చేయించి ఒళ్ళు హూనం చేయడం ఒక ఎత్తు. అది మనం ఊహించుకోగలం. ఊహించలేనిది రెండో ఎత్తు... పుస్తకాలు! శరీరం ఎలా పనిచేస్తుంది, మనసు ఎలా పనిచేస్తుంది, పాఠం ఎలా చెప్పాలి అన్నవి చదవాలి. వ్యాసాలు రాసి ఇవ్వాలి. పిడికిలి పట్టిన చేత్తోనే పెన్ను పట్టాలన్నమాట!

ఆ మొదటి బ్యాచిలో ఒకడు హిరొకజు కనజావా. ఆయన కథ సినిమాకేమీ తీసిపోదు. 1957లో సంఘం తొలి జాతీయ పోటీలు. కొద్దిరోజుల ముందు ప్రాక్టీసులో చెయ్యి విరిగింది. మానుకుందామనుకుంటున్న సమయంలో కొడుకు పోటీ చూద్దామని ఊరినుంచి తల్లి వచ్చింది! ఇక ఏం చేస్తాడు? ఒక చెయ్యితో, కాళ్ళతో పోరాడి ఛాంపియన్ అయ్యాడు. కరాటే ప్రపంచమంతా ఈ కథ చెప్పుకుంటుంది. కాని ఆయన ఆ తర్వాత అరవై ఏళ్ళు ఏం చేశాడన్నది నాకు ఇంతకన్నా పెద్ద కథ. 1961లో హవాయి వెళ్ళాడు, తర్వాత ఇంగ్లండు, ఇంకా ఎన్నో దేశాలు... వెళ్ళినచోటల్లా ఓనమాలనుంచి నేర్పాడు. 2019లో చనిపోయేవరకూ ఆయన మాస్టారే.

ఆ సంఘంలో ఇప్పుడు కూడా డాన్ వేరు, లైసెన్సు వేరు. నేర్పడానికి ఒక అర్హత, పోటీలో తీర్పు చెప్పడానికి ఇంకొకటి, బెల్టు పరీక్ష చేయడానికి మరొకటి. అందులో మళ్ళీ తరగతులు. కొరియావాళ్ళ టైక్వాండోకి సియోల్‌లో కుక్కివాన్ ఉంది, 1972లో పెట్టారు. వాళ్ళ లెక్క మరీ స్పష్టం. మొదటి డాన్ నుంచి రెండుకి కనీసం ఒక ఏడాది, రెండునుంచి మూడుకి రెండేళ్ళు, మూడునుంచి నాలుగుకి మూడేళ్ళు ఆగాలి. నాలుగో డాన్ వచ్చాకే అంతర్జాతీయ మాస్టరు కోర్సులో కూర్చోనిస్తారు. అంటే బ్లాక్ బెల్టు కట్టిన రోజునుంచి తక్కువలో తక్కువ ఆరేళ్ళు. మన పాటలో ఆరు నిమిషాలు!

బ్రూస్ లీ అభిమానులు 'మా గురువుకి ఏ సర్టిఫికెట్టు ఉంది?' అని నామీదకి రావచ్చు. రండి, చెబుతాను. హాంకాంగులో ఇప్ మాన్ దగ్గర నేర్చుకుని అమెరికా వెళ్ళిన బ్రూస్ లీ హీరో కాకముందు పాఠాలు చెప్పుకునే బతికాడు. సియాటిల్, ఓక్లండ్, లాస్ ఏంజిలిస్‌లలో స్కూళ్ళు నడిపాడు. హాలీవుడ్ హీరోలు స్టీవ్ మెక్వీన్, జేమ్స్ కోబర్న్ ఆయన శిష్యులే. ఇంతమందిలో తన తరఫున నేర్పే అధికారం ఎందరికిచ్చాడు? ముగ్గురికి! టాకీ కిమురా, జేమ్స్ లీ, డాన్ ఇనొసాంటో. అంతే. 1973లో వచ్చిన 'ఎంటర్ ది డ్రాగన్' మళ్ళీ చూసే అవకాశం వస్తే మొదట్లో ఒక చిన్న సన్నివేశం గమనించండి. తోటలో ఒక కుర్రవాడికి తన్నడం నేర్పుతాడు. రెండు నిమిషాలు కూడా ఉండదు. అద్దాల గదిలో ఫైటు కోసం ఎదురుచూస్తూ మనం దాన్ని పట్టించుకోం. కాని అక్కడ అతని కళ్ళు చూడండి... కుర్రవాడి కాలుమీద ఉండవు, మొహంమీద ఉంటాయి!

మన వెండితెర, మన గోదా

తెలుగు తెరమీద కరాటే అనగానే 80ల్లో సుమన్, భానుచందర్ గుర్తొస్తారు. ఇద్దరూ నిజంగా నేర్చుకుని వచ్చినవాళ్ళే. కాలు లేస్తే ఆ విషయం తెలిసిపోయేది. తర్వాత 1999లో 'తమ్ముడు' వచ్చాక ఊరూరా కుర్రాళ్ళు కిక్ బాక్సింగుకి ఎగబడ్డారు. పవన్ కల్యాణ్‌కి మద్రాసులో కరాటే నేర్పిన షిహాన్ హుసేనీ 2025 మార్చిలో కన్నుమూశారు. మొదట నేర్పడానికి ఆయన ఒప్పుకోలేదని, బతిమాలితే ఒప్పుకున్నారని పవన్ అప్పుడు గుర్తుచేసుకున్నారు. 'షిహాన్' అనేది పేరు కాదు, పెద్ద గురువులకిచ్చే బిరుదు. మామూలు గురువుని 'సెన్సెయి' అంటారు. ఆ మాటకి అర్థం 'ముందు పుట్టినవాడు'. మన పెద్దన్న లాగన్నమాట!

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం. ఫైట్ మాస్టరు, కరాటే మాస్టరు ఒకటే అనుకుంటారు చాలామంది. కాదు. ఫైట్ మాస్టరు నేర్పేది తగలకుండా కొట్టడం! కెమెరా ఎక్కడుందో చూసుకుని దెబ్బకీ దవడకీ మధ్య ఖాళీని దాచేయడం ఆయన విద్య. చాలా గొప్ప విద్య. కాని అది చూసి ఒక కుర్రవాడు నిజం దవడమీద ప్రయోగిస్తే ఖాళీ ఉండదు.

మరి మన దేశంలో అర్హత ఎలా వస్తుంది? పాటియాలాలో మహారాజుగారి మోతీబాగ్ ప్యాలెస్‌లో 1961లో పెట్టిన జాతీయ క్రీడా సంస్థ ఉంది. ఎన్.ఐ.ఎస్. అంటే క్రీడాలోకంలో తెలియనివాళ్ళుండరు. అక్కడ కోచింగు డిప్లొమా చేసినవాళ్ళకి ఎక్కడైనా గౌరవం. జూడో అక్కడ చాలాకాలంగా ఉంది. శరీరశాస్త్రం, క్రీడా మనస్తత్వం, గాయాల సంగతి అన్నీ చెబుతారు. అన్నట్టు, జూడో మన దేశానికి కొత్తేమీ కాదు. 1929లోనే రవీంద్రనాథ్ ఠాగూరు శాంతినికేతన్‌కి జపాను నుంచి షింజో టకగాకి అనే మాస్టారిని పిలిపించి, ఆడపిల్లలకి కూడా నేర్పించారు.

కరాటే దగ్గరకి వచ్చేసరికి వ్యవహారం చిక్కుపడింది. ఎన్నో శైలులు, శైలికి ఎన్నో సంఘాలు, ఒకరిచ్చిన సర్టిఫికెట్టుని ఇంకొకరు ఒప్పుకోరు. టోక్యోలో 2021లో జరిగిన ఒలింపిక్సులో ఒక్కసారి కరాటే కనిపించింది, 2024 పారిస్‌లో లేదు. క్లాసు పెట్టుకోవడానికి డ్రైవింగు లైసెన్సు లాంటి సర్కారు లైసెన్సు ఏదీ మన దగ్గర అక్కర్లేదు. స్కూటరు నడపడానికి కాగితం కావాలి గాని, నలభైమంది పిల్లల చేత గాల్లోకి ఎగిరి తన్నించడానికి అక్కర్లేదు!

బెజవాడలో ఒక సాయంత్రం

ఇదంతా కాగితాలమీద సంగతి. మనుషుల్ని చూద్దామని బెజవాడలో ఒక హైస్కూలు ఆవరణలో జరిగే కరాటే క్లాసుకి వరసగా కొన్ని సాయంత్రాలు వెళ్ళాను. పేర్లు వద్దన్నారు కనుక రాయడం లేదు. మాస్టారికి నలభై దాటాయి. పగలు ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా, సాయంత్రం ఇక్కడ. మూడో డాన్.

"మాస్టారూ, మీ దగ్గర మొదట ఏం నేర్పుతారు?" అన్నాను.

"కూర్చోవడం సార్," అన్నాడాయన నవ్వకుండా. "తర్వాత నిలబడటం. పిల్లలు రెండూ సరిగ్గా చేయరు."

"పెంకులు పగలగొట్టడం?"

"అది వాళ్ళ నాన్నలకి కావాలి, ఫోటో కోసం. పన్నెండేళ్ళ పిల్లాడి ఎముకల చివర్లు ఇంకా లేతగా ఉంటాయి. సిమెంటు నేలమీద పిడికిళ్ళతో బస్కీలు తీయించే మాస్టార్లున్నారు. నేను చేయించను. 'మీ దగ్గర స్ట్రిక్టు లేదు' అని ఇద్దరు మానేశారు కూడా."

ఆయన దగ్గర ఒక అమ్మాయి సహాయకురాలు. డిగ్రీ ఆఖరి సంవత్సరం. నాన్నగారు ఆటో నడుపుతారు. ఎనిమిదో క్లాసులో ఉండగా, ప్రభుత్వ పాఠశాలల్లో ఆడపిల్లలకి ఆత్మరక్షణ నేర్పే పథకం కింద వాళ్ళ స్కూలుకి ఒక మాస్టారు మూడు నెలలు వచ్చారట. మూడు నెలలు అయ్యాక ఆయన వెళ్ళిపోయారు. ఈ పిల్ల మాత్రం ఊరుకోలేక, వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చింది. ఇప్పుడు మొదటి డాన్. ఆమె మవాషి గేరి, అంటే పక్కనుంచి కాలు తిప్పి తన్నే తన్ను, చూస్తే కత్తి గాల్లో తిరిగినట్టే! మన ఫైట్ మాస్టర్లు చూస్తే వెంటనే డేట్లు అడుగుతారు.

"ఒక ప్రైవేటు స్కూలువాళ్ళు ఈ జూన్‌నుంచి ఏడాది పొడుగునా పెట్టుకుంటామన్నారన్నయ్యా," అంది ఆ అమ్మాయి. "బెల్టు కాదు, ఇన్‌స్ట్రక్టరు సర్టిఫికెట్టు తెమ్మన్నారు. మా నాన్న ఈ ఏడాది చూస్తానన్నాడు. తర్వాత సంబంధాలు చూస్తాడట."

ఆ ఆదివారం పరీక్ష. వాళ్ళ శైలి సంఘంవారు ఒక కల్యాణమండపం అద్దెకి తీసుకుని పెట్టారు. నేనూ వెళ్ళాను. పొద్దున కటాలు, ప్రాథమిక దెబ్బలు అయ్యాయి. ఆ అమ్మాయి కటా చేస్తుంటే మండపంలో వంటవాళ్ళు కూడా గరిటెలు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. తర్వాత నోటి ప్రశ్నలు. తలకి దెబ్బ తగిలి కళ్ళు తిరిగిన పిల్లవాడు పది నిమిషాల్లో 'బాగానే ఉంది మాస్టర్' అంటే ఏం చేస్తావు? 'ఆ రోజు మళ్ళీ బరిలోకి దింపను, డాక్టరుకి చూపించమని ఇంట్లోవాళ్ళకి చెబుతాను' అంది. తల ఊపారు.

అసలు పరీక్ష మధ్యాహ్నం. పరిచయం లేని ఎనిమిదిమంది పిల్లల్ని తెచ్చి ఎదురుగా నిలబెట్టారు. పదిహేను నిమిషాలు వీళ్ళకి మవాషి గేరి నేర్పు అన్నారు. ఆమెకి అన్నిటికన్నా బాగా వచ్చినదే! నాకు సంతోషం వేసింది. హీరోయిన్‌కి తన సొంత పాట వచ్చినట్టే కదా.

ఆమె పిల్లల ముందు నిలబడి చేసి చూపించింది. మళ్ళీ చూపించింది. వెనక్కి తిరిగి, వాళ్ళకి వీపు పెట్టి, తనతోపాటు చేయమని లెక్కపెట్టింది. ఇచ్... నీ... సాన్... ఒకటి, రెండు, మూడు. గొంతు ఖంగుమంటోంది. కాలు ప్రతిసారీ అదే ఎత్తుకి లేస్తోంది. వెనక వరసలో చివర ఒక బొద్దు కుర్రవాడున్నాడు. పదేళ్ళుంటాయి. తన్నేటప్పుడు నేలమీద ఉన్న పాదాన్ని కూడా తిప్పాలి. తిప్పకపోతే ఒళ్ళంతా ఒకవైపు, మోకాలు ఒకవైపు మెలిపడుతుంది. ఆ కుర్రవాడు తిప్పడం లేదు. కాలు లేపినప్పుడల్లా పళ్ళు బిగబడుతున్నాడు. ఆమె లెక్క ఆపలేదు. ఇరవై వరకూ వెళ్ళింది.

పరీక్షాధికారుల్లో పెద్దాయన లేచారు. తెల్లజుట్టు, చేతిలో కర్ర మాత్రం లేదు. నేరుగా ఆ కుర్రవాడి దగ్గరకెళ్ళి, మోకాలి చిప్పమీద చెయ్యి వేసి, "నొప్పిగా ఉందా బాబూ?" అన్నారు. వాడు తల ఊపాడు. ఆయన వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించి, తిరిగి తన చోటికి వచ్చి ఏదో రాసుకున్నారు. ఆ అమ్మాయి మొహం చూడలేకపోయాను.

సాయంత్రం ఫలితాలు. ఆమెకి రెండో డాన్ వచ్చింది. ఇన్‌స్ట్రక్టరు అర్హత రాలేదు. ఆర్నెల్లాగి రమ్మన్నారు.

"అన్యాయం కదా మాస్టారూ?" అన్నాను బయటికొచ్చాక. నిజంగానే అన్యాయమనిపించింది. అక్కడ ఆమెకంటే బాగా తన్నినవాళ్ళు లేరు. అంతకన్నా తక్కువ వచ్చినవాళ్ళు, ఏ పరీక్షా లేకుండా, ఆ కల్యాణమండపం వీధిలోనే బోర్డులు పెట్టుకున్నారు.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "దాని కాలు నాకన్నా బాగా లేస్తుంది సార్. అది నాకూ తెలుసు, దానికీ తెలుసు. వాళ్ళు చూసింది దాని కాలు కాదు," అన్నాడు.

గేటు దగ్గర నాన్నగారు ఆటోలో కూర్చుని ఉన్నారు. కూతురు చెప్పింది విన్నారు. "మరి స్కూలువాళ్ళకి ఏం చెబుతావమ్మా?" అన్నారు. "ఇప్పుడు లేదని చెబుతా," అంది. "ఆర్నెల్లంటే ఎప్పుడు?" అన్నారాయన వేళ్ళమీద లెక్కపెడుతూ. ఆమె నెల పేరు చెప్పింది. ఆయన ఏమీ అనకుండా ఆటో స్టార్టు చేశారు. సంబంధాల మాట ఎత్తలేదు. దాన్నిబట్టి ఏమనుకోవాలో నాకు తెలియలేదు.

సోమవారం సాయంత్రం హైస్కూలు ఆవరణకి మళ్ళీ వెళ్ళాను. ఆమె ముందే వచ్చింది. క్లాసు మొదలైంది. మాస్టారు ఎదురుగా నిలబడి లెక్కపెడుతున్నారు. ఆమె మాత్రం పిల్లల వెనక, వరసకీ వరసకీ మధ్య నడుస్తోంది. తను ఒక్క తన్ను కూడా తన్నలేదు. ఒక పిల్ల దగ్గర ఆగింది, వంగి పాదం పట్టుకుని కొంచెం పక్కకి తిప్పింది, "ఇప్పుడు తన్ను," అంది.